గోళం మీద దగ్గరి దారి: ఖిబ్లా గణితం నుండి విమాన మార్గాల వరకు

అమెరికా తూర్పు ప్రాంతంలోని ఫిలడెల్ఫియా నగరం, చైనా రాజధాని బీజింగ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. రెండూ భూమధ్యరేఖకు సుమారు 40 డిగ్రీల ఉత్తరాన ఉన్నవే. గోడకు వేలాడే ప్రపంచ పటాన్ని చూసినవారు, ఫిలడెల్ఫియా నుండి బీజింగ్ చేరాలంటే నేరుగా పడమరకు పోవడమే దగ్గరి దారి అనుకుంటారు. అలా 40వ అక్షాంశాన్ని పట్టుకొని పోతే దూరం సుమారు 14,300 కిలోమీటర్లు అవుతుంది. అదే ఉత్తరానికి తిరిగి ధ్రువ ప్రాంతం మీదుగా పోతే 11,000 కిలోమీటర్లతో సరిపోతుంది. పటం మీద వంకరగా కనిపించే దారి నిజానికి దగ్గరిది. తిన్నగా కనిపించే దారి దూరపుది.

ఇందులో మాయ ఏమీ లేదు. భూమి గుండ్రంగా ఉంది, పటం చదునుగా ఉంది. బత్తాయి పండు మీద రెండు చోట్ల గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారాన్ని బిగించి లాగితే, దారం తనంతట తానే అతి దగ్గరి దారిలోకి వచ్చి నిలుస్తుంది. ఆ దారాన్ని అదే వరుసలో పండు చుట్టూ పొడిగిస్తే పండును సరిగ్గా రెండు సమభాగాలు చేసే వలయం ఏర్పడుతుంది. అటువంటి వలయాన్నే గణితశాస్త్రంలో మహావృత్తం అంటారు. దాని కేంద్రమూ గోళం కేంద్రమూ ఒకటే. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రేఖాంశ రేఖలన్నీ మహావృత్తాలలో సగభాగాలు. అయితే భూమధ్యరేఖ తప్ప మరే అక్షాంశ వలయమూ మహావృత్తం కాదు. అందుకే 40వ అక్షాంశం వెంట పోయేవాడు చుట్టుదారిన పోతున్నాడు.

నేడు దూరదేశాలకు పోయే ప్రతి విమానానికీ దారి నిర్ణయించేటప్పుడు మొదట చూసేది ఈ మహావృత్తాన్నే. కాని ఈ లెక్క విమానంతో పుట్టింది కాదు. మనిషి గాలిలోకి లేవడానికి కొన్ని వందల సంవత్సరాలకు పూర్వమే, బాగ్దాదులోను గజనీలోను డమాస్కస్‌లోను విద్వాంసులు ఈ రేఖను గురించి తలలు బద్దలు కొట్టుకున్నారు. వారికి కావలసింది ప్రయాణం కాదు. ఉన్న చోటనే నిలబడి ముఖం ఎటు తిప్పాలో తెలియడమే వారికి కావలసింది.

దిక్కు తెలియవలసిన అవసరం

ఒంటెల బిడారు మక్కాకు పోవడానికి మహావృత్తంతో పనిలేదు. బాట ఎటు తిరిగితే అది అటు తిరుగుతుంది. నీటి బావి ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. నమాజు సంగతి వేరు. నమాజు చేసే వ్యక్తి కొండలూ ఎడారులూ సముద్రాలూ దాటి, కంటికి కనిపించని ఒక స్థలం వైపు ముఖం తిప్పాలి. మసీదు కట్టేవారు గోడను ఆ వైపునకే నిలపాలి. సమాధి తవ్వేవారు కూడా ఆ దిక్కునే చూసుకోవాలి. ఆ దిక్కునే ఖిబ్లా అంటారు.

తొలి తరాలవారు ఈ పనిని గణితంతో చేయలేదు. సూర్యుని ఉదయాస్తమయాలు, సుహైల్ వంటి నక్షత్రాలు, గాలి వీచే దిక్కులు, పెద్దలు నిలిచిన వైపు — ఇవే వారికి ఆధారాలు. అందుచేత పాత మసీదులలో దిక్కుల తేడాలు కనిపిస్తాయి. 8వ శతాబ్దం చివర మొదలైన స్పెయిన్‌లోని కార్డోవా జామె మసీదు దక్షిణానికి బాగా మొగ్గి ఉంది. లెక్క ప్రకారం అక్కడి ఖిబ్లా తూర్పునకు కొద్ది డిగ్రీలు మాత్రమే దక్షిణంగా ఉండాలి. ధర్మశాస్త్రజ్ఞులు ఈ తేడాలను పెద్ద దోషంగా ఎంచలేదు. కాబా కళ్ళ ముందున్నవాడు సరిగ్గా దాని వైపే తిరగాలని, దూరాన ఉన్నవాడికి ఆ దిశగా తిరిగితే చాలునని పలువురు వివరించారు. ఈ వెసులుబాటు ఉన్నప్పటికీ శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. సరియైన దిక్కు తెలుసుకోగలిగినప్పుడు తెలుసుకోవాలన్నదే వారి పట్టుదల.

జ్యా నుండి గోళ త్రికోణం వరకు

ఆ పట్టుదలకు కావలసిన పనిముట్లు రెండు వైపుల నుండి వచ్చాయి. మెనెలాస్, టాలమీల గ్రంథాల ద్వారా గ్రీకుల గోళ జ్యామితి అరబ్బీలోకి వచ్చింది. 8వ శతాబ్దం ఉత్తరార్ధంలో భారతీయ సిద్ధాంత జ్యోతిషం బాగ్దాదుకు చేరి ‘సింద్‌హింద్’ అనే పేరుతో ప్రచారంలోకి వచ్చింది. దానితోపాటే భారతీయుల ‘జ్యా’ కూడా పోయింది. సంస్కృతంలోని ‘జీవా’ అనే రూపం అరబ్బీలో ‘జీబ్’ అయింది. దానిని ‘జైబ్’ అని చదివిన లాటిన్ అనువాదకులు మడత, ఒంపు అనే అర్థంలో ‘సైనస్’ అన్నారు. నేడు పాఠశాలలలో చెప్పే ‘సైన్’ ఆ మాటే.

ఖలీఫా మామూన్ కాలంలో (813-833) సింజార్ మైదానంలో శాస్త్రజ్ఞులు ఉత్తర దక్షిణాలుగా నడిచి, అక్షాంశం ఒక డిగ్రీ మారడానికి ఎంత నేల దాటాలో కొలిచారు. భూమి పరిమాణం ఈ విధంగా అంచనాకు అందింది. పిమ్మట ఖిబ్లా లెక్క రెండు పాయలుగా సాగింది.

మొదటిది సులభమైన పద్ధతి. ఒక ఊరికీ మక్కాకూ అక్షాంశాల తేడా ఎంతో, రేఖాంశాల తేడా ఎంతో చూసి, ఆ రెంటినీ చదునైన నేల మీద గీతలుగా భావించి దిక్కు కట్టడం. 929లో మరణించిన అల్ బత్తానీ చెప్పిన పద్ధతి ఇటువంటిదే. బాగ్దాదు వంటి దగ్గరి నగరానికి ఇది చాలు. నేటి కొలతలతో లెక్కించినా అక్కడ వచ్చే తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. దూరం పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది. హైదరాబాదునే తీసుకుంటే ఈ పద్ధతిలో ఖిబ్లా పడమరకు సుమారు 6 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. గోళ గణితం ప్రకారం అది దాదాపు 13 డిగ్రీలు.

రెండవది కఠినమైనది, కాని నిజమైనది. ఊరు, మక్కా, ఉత్తర ధ్రువం — ఈ మూడింటినీ మహావృత్త ఖండాలతో కలిపితే గోళం మీద ఒక త్రికోణం ఏర్పడుతుంది. ఊరి అక్షాంశం, మక్కా అక్షాంశం తెలిస్తే రెండు భుజాలు తెలిసినట్లే. రేఖాంశాల తేడా ధ్రువం దగ్గరి కోణం అవుతుంది. ఇక ఊరి దగ్గరి కోణాన్ని కనుగొంటే అదే ఖిబ్లా. మూడవ భుజాన్ని కనుగొంటే అది మక్కాకు గల దూరం. ఈ త్రికోణాన్ని సాధించే సరియైన పద్ధతిని 9వ శతాబ్దంలోనే హబష్ అల్ హాసిబ్ రేఖాచిత్రం ద్వారా చూపాడు. 10వ శతాబ్దం చివరకు అబుల్ వఫా, అబూ నస్ర్ మన్సూర్, అల్ ఖుజందీల చేతులలో గోళ త్రికోణాలకు జ్యా సూత్రం రూపొందింది. దానిని ముందు కనుగొన్నది ఎవరన్న వివాదం వారి కాలంలోనే రేగింది. మెనెలాస్ పద్ధతిలో ఆరు రాశులతో కుస్తీ పట్టవలసిన చోట ఈ సూత్రంతో నాలుగు రాశులే సరిపోయాయి.

ఫిలడెల్ఫియా నుండి బీజింగ్ పోయే విమానానికి దారి కట్టేవాడు సాధించేది కూడా ఈ త్రికోణాన్నే. మక్కాకు బదులు బీజింగ్ అని వ్రాసుకుంటాడు, అంతే తేడా.

గజనీలో బీరూనీ

సూత్రం దొరికినంత మాత్రాన పని పూర్తికాలేదు. అందులో వేయడానికి సరియైన అంకెలు కావాలి. అక్షాంశాన్ని నక్షత్రాలను చూసి కొలవవచ్చు. రేఖాంశాల తేడా కొలవడం మాత్రం సరియైన గడియారాలు లేని రోజులలో అతి కష్టమైన పని. ఈ కష్టంతో నేరుగా తలపడినవాడు అబూ రైహాన్ అల్ బీరూనీ.

ఖ్వారజ్మ్ ప్రాంతంలోని కాథ్ నగరంలో 973లో బీరూనీ జన్మించాడు. 997లో చంద్రగ్రహణం పట్టినప్పుడు అతడు కాథ్‌లోను, అబుల్ వఫా బాగ్దాదులోను ముందుగా అనుకున్న ప్రకారం దానిని పరిశీలించారు. చంద్రగ్రహణం అన్ని చోట్లా ఒకే క్షణంలో మొదలవుతుంది. ఆ క్షణంలో రెండు చోట్ల స్థానిక కాలం ఎంత తేడాగా ఉందో చూస్తే రేఖాంశాల తేడా తెలుస్తుంది. వచ్చిన తేడా సుమారు ఒక గంట. ఇద్దరు పండితులు అంత దూరాన ఉండి ఒకే రాత్రి ఒకే పని కోసం ఆకాశం వైపు చూశారు!

తరువాత సుల్తాన్ మహమూద్ ఖ్వారజ్మ్‌ను జయించడంతో బీరూనీ గజనీకి చేరవలసి వచ్చింది. అక్కడ 1025లో (హి. 416) అతడు ఒక గొప్ప గ్రంథాన్ని పూర్తిచేశాడు. నగరాల మధ్య దూరాలను సరిదిద్దడానికి స్థలాల స్థానాలను నిర్ణయించడం గురించిన ఆ గ్రంథాన్ని క్లుప్తంగా ‘తహదీద్’ అంటారు. గజనీ నగరపు ఖిబ్లాను నిర్ణయించడం అందులోని ప్రధానోద్దేశాలలో ఒకటి. అందుకోసం బాగ్దాదుకూ గజనీకీ గల రేఖాంశాల తేడా కావాలి.

ఈ తేడాను రాబట్టడానికి బీరూనీ అవలంబించిన మార్గం చూడదగినది. రై, జుర్జానియ, బల్ఖ్ వంటి నగరాల మీదుగా ఒక వరుస కూర్చాడు. షీరాజ్ మీదుగా దక్షిణపు వరుస మరొకటి. ఒక్కొక్క జత నగరాల మధ్య బిడారులు నడిచే దూరం ఎన్ని ఫర్సఖులో తెలుసుకున్నాడు. బాట వంకరలకుగాను దానిలో కొంత భాగం తీసివేశాడు. మిగిలిన దానిని మహావృత్తంలో ఇన్ని డిగ్రీలని మార్చాడు. ఆ మహావృత్త ఖండం, రెండు నగరాల అక్షాంశాలు చేతిలో ఉంటే రేఖాంశాల తేడా గణితంలో దొరుకుతుంది. ఆ విధంగా వేర్వేరు వరుసలలో లెక్కించి, ఫలితాలను ఒకదానితో ఒకటి సరిచూశాడు. చివరకు వచ్చినది 24 డిగ్రీలకు స్వల్పంగా అధికం. నేటి కొలతతో దానికి గల తేడా అర డిగ్రీ లోపే.

ఒంటెలవాళ్ళు చెప్పిన దూరాల నుండి ఇంత సూక్ష్మమైన ఫలితం రాబట్టడం సామాన్య విషయం కాదు. దూరంగా ఉన్న రెండు నగరాల మధ్య బాటను కాక, బాటకు అతీతమైన దగ్గరి రేఖను ఊహించి దాని పొడవును లెక్కించడం ఇక్కడ ముఖ్యం. నేడు విమానాశ్రయాల మధ్య దూరాలను పట్టికలలో ఇచ్చేటప్పుడు చేసేది ఇదే.

పట్టికలు, నీడలు, పటాలు

ప్రతి మసీదులోను గోళ త్రికోణమితి తెలిసినవారు ఉండరు. ఆ కొరత తీర్చినవాడు 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో కాలనిర్ణయం చేసే పదవిలో ఉన్న షంసుద్దీన్ అల్ ఖలీలీ. 10 నుండి 56 వరకు ప్రతి అక్షాంశానికీ, మక్కా నుండి 60 డిగ్రీల వరకు ప్రతి రేఖాంశ భేదానికీ ఖిబ్లా కోణాన్ని గుణించి అతడు పట్టిక తయారుచేశాడు. అందులో దాదాపు 3,000 విలువలు ఉన్నాయి. వాటిలో అధికభాగం కొద్ది కళల తేడాలోపే సరిగా ఉన్నాయి. ఇక వాడుకరికి మిగిలిన పని తన ఊరి గళ్ళు వెతుక్కొని కోణం చదువుకోవడమే.

లెక్కే అవసరం లేని మార్గాన్ని నసీరుద్దీన్ తూసీ (1201-1274) వివరించాడు. సంవత్సరంలో రెండు రోజులు మధ్యాహ్న వేళ సూర్యుడు మక్కాకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో మరో ఊరివాడు సూర్యుని వైపు తిరిగితే మక్కా వైపు తిరిగినట్లే. నేటి కాలెండరు ప్రకారం ఆ రోజులు ఇంచుమించు మే 28, జూలై 16. మన దేశపు గడియారంలో మే నెలలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలైలో 2 గంటల 57 నిమిషాలకు ఆ క్షణం వస్తుంది. హైదరాబాదులోగాని విజయవాడలోగాని నేల మీద నిలువుగా ఒక కర్ర పాతి, ఆ వేళ నీడ పడిన వైపునకు సరిగ్గా ఎదురు దిక్కు చూస్తే చాలు.

ఈ సంప్రదాయం పటాలలోకి కూడా వచ్చింది. 17వ శతాబ్దపు ఇస్ఫహాన్‌కు చెందిన ఇత్తడి పటాలు కొన్ని 1989 తరువాత పండితుల దృష్టికి వచ్చాయి. వాటి మధ్యలో మక్కా ఉంటుంది. తిరిగే కొలబద్దను ఒక ఊరి మీదికి తెస్తే అంచు మీద ఖిబ్లా కోణం, కొలబద్ద మీద దూరం కనిపిస్తాయి. ఈజిప్టు సర్వే శాఖలో పనిచేసిన జేమ్స్ క్రెయిగ్ 1909లో, ఈ పటాల సంగతి తెలియకుండానే, అదే ప్రయోజనం కోసం ఒక పట పద్ధతిని ప్రకటించాడు.

పటం కలిగించిన భ్రమ

ఐరోపాకు గోళ త్రికోణమితి చాలా భాగం అరబ్బీ గ్రంథాల ద్వారా చేరింది. 12వ శతాబ్దపు సెవిల్ పండితుడు జాబిర్ ఇబ్న్ అఫ్లహ్ గ్రంథం లాటిన్‌లోకి వచ్చింది. 1533లో అచ్చయిన రెజియోమొంటానస్ త్రికోణ గ్రంథం జాబిర్‌కు ఋణపడి ఉంది. ఐరోపావారు దానిని సముద్రయానానికి ప్రయోగించారు. పోర్చుగీసు గణితజ్ఞుడు పెద్రో నూనెష్ 1537లో ఒక ముఖ్య విషయం చెప్పాడు. దిక్సూచిని ఒకే కోణంలో పట్టుకొని సాగే ఓడ మహావృత్తంలో పోదు. అది వేరే వంకర రేఖలో పోతుంది.

1569లో మెర్కేటర్ ఆ వంకర రేఖలన్నీ తిన్నని గీతలయ్యేట్లు ప్రపంచ పటం గీశాడు. నావికునికి అది వరం. ఆ పటమే తరువాత పాఠశాలల గోడలకెక్కి, తిన్నని గీతే దగ్గరి దారి అనే భ్రమను తరతరాలకు నేర్పింది.

దీని ఫలితం 20వ శతాబ్దంలో మసీదులలో కనిపించింది. వాషింగ్టన్ నగరంలో 1957లో ప్రారంభమైన ఇస్లామిక్ సెంటర్ మసీదు, ఉత్తరానికి 56 డిగ్రీల చిల్లర తూర్పుగా, అంటే ఈశాన్యం వైపు తిరిగి ఉంది. మక్కా వాషింగ్టన్‌కు దక్షిణంగా ఉన్న అక్షాంశంలో ఉండగా ఉత్తరం వైపు తిరగడమేమిటని చూసినవారికి సందేహం కలగడం సహజం. మెర్కేటర్ పటం మీద గీత గీస్తే దిక్కు తూర్పునకు 10 డిగ్రీలు దక్షిణంగా వస్తుంది. రెంటికీ 43 డిగ్రీల తేడా! ఉత్తర అమెరికాలో ఈ వివాదం 20వ శతాబ్దపు చివరి దశకాలలో కూడా సాగింది. కొన్ని చోట్ల ఈశాన్యానికి, కొన్ని చోట్ల ఆగ్నేయానికి తిరిగి నిలిచేవారు.

ఆగ్నేయమని వాదించినవారి పక్షాన కూడా ఒక మాట ఉంది. దిక్కు అంటే సామాన్యుడు గ్రహించే దిక్కే ప్రమాణమని, దూరాన ఉన్నవానికి సూక్ష్మ గణితం విధి కాదని వారి భావం. ధర్మశాస్త్రంలో ఆ ఆలోచనకు చోటు లేకపోలేదు. అయితే ‘ఎదురుగా’ అనే మాటకు గోళం మీద అర్థం వెతికినప్పుడు మహావృత్తమే నిలుస్తుంది. వాషింగ్టన్ నుండి మక్కాకు మహావృత్తం వెంట దూరం సుమారు 10,600 కిలోమీటర్లు. దిక్సూచి కోణం మార్చకుండా పోతే 11,300. మహావృత్తం ఈశాన్యంగా బయలుదేరి 49వ అక్షాంశాన్ని దాటి, క్రమంగా ఒంగి, ఆగ్నేయ దిశలో మక్కాను చేరుతుంది. బత్తాయి పండు మీద బిగించిన దారం పోయేది ఇలాగే. అల్ బత్తానీ సులభ పద్ధతికీ, గోడ పటం చూసి దిక్కు చెప్పేవారి పద్ధతికీ మూలంలో భేదం లేదు. రెండూ గుండ్రటి నేలను చదును చేసి చూస్తాయి.

ఆకాశ మార్గాలు

విమానం వచ్చాక మహావృత్తం కాగితం మీది నుండి కదిలి ఇంధనపు లెక్కలోకి వచ్చింది. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుండి పారిస్‌కు ఒంటరిగా, ఎక్కడా దిగకుండా 33 గంటల 30 నిమిషాలలో ఎగిరాడు. అతడు తన మహావృత్త మార్గాన్ని 100 మైళ్ళ ముక్కలుగా విడదీసి, ముక్క ముక్కకూ దిక్సూచి కోణాన్ని మార్చుకుంటూ పోయాడు. దగ్గరి దారిలో పోయేవాడు అడుగడుగునా దిక్కు మార్చుకోవలసిందే. 1937 జూన్‌లో వాలెరీ చ్కాలోవ్ బృందం మాస్కో నుండి ఉత్తర ధ్రువం మీదుగా అమెరికాలోని వాంకూవర్ పట్టణాన్ని చేరింది.

ప్రయాణీకుల విమానాలకు ధ్రువ మార్గం 1954 నవంబరులో తెరుచుకుంది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ కోపెన్‌హాగెన్ నుండి గ్రీన్‌లాండ్, విన్నిపెగ్‌ల మీదుగా లాస్ ఏంజిలిస్‌కు సర్వీసు ప్రారంభించింది. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి నమ్మదగినది కాదు. రేఖాంశాలన్నీ ఒక చోట గుమిగూడడం వలన ఉత్తరం అనే మాటకే అర్థం నిలవదు. అందుచేత పటం మీద కల్పిత గళ్ళు గీసి, గైరోస్కోపు సహాయంతో దిక్కు నిలుపుకునే పద్ధతిని వాడారు.

అయినా గణితం చూపిన దారి అన్నివేళలా దొరకదు. సోవియట్ ఆకాశం అధికభాగం మూసి ఉన్న రోజులలో ఐరోపా నుండి జపానుకు పోయే విమానాలు అనేకం అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి పోయేవి. 1983 సెప్టెంబరు 1న యాంకరేజ్ నుండి సియోల్‌కు పోతున్న కొరియా విమానం దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి పోగా, యుద్ధవిమానం దానిని కూల్చివేసింది. 269 మంది చనిపోయారు. తరువాత రష్యా ఆకాశం తెరుచుకొని దారులు దగ్గరయ్యాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో అది ఐరోపా సంస్థలకు మూతపడింది. హెల్సింకి నుండి టోక్యో పోయే ఫిన్‌లాండ్ విమానాలు తిరిగి ధ్రువం వైపు చూడవలసి వచ్చింది. రాజకీయమే కాదు, గాలి కూడా దారి మారుస్తుంది. పడమటి నుండి వీచే తీవ్ర వాయు ప్రవాహం అనుకూలంగా ఉన్నప్పుడు దూరం పెరిగినా కాలం తగ్గుతుంది.

2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఒకటి, అందరూ స్త్రీలే నడపగా, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. ఆ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. రెంటి రేఖాంశాల తేడా 160 డిగ్రీలు కావడం వలన దగ్గరి దారి ఉత్తరానికి బాగా మొగ్గుతుంది.

చరిత్ర చెప్పేది

విమానయానాన్ని ముస్లిం శాస్త్రజ్ఞులే ముందుగా ఊహించారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. వారు దానిని ఊహించలేదు, అటువంటి ఉద్దేశం వారికి లేదు. గ్రీకుల జ్యామితి, భారతీయుల జ్యా అందకపోతే వారి పని సాగేదే కాదు. వారు చేసినది వేరు. రోజుకు ఐదు పూటలా ప్రతి ఊళ్ళోను ఎదురయ్యే ఒక ప్రశ్నను వారు గణిత సమస్యగా స్వీకరించారు. దగ్గరి ఊళ్ళకు సరిపోయే సులభ సమాధానంతో తృప్తిపడక, ఎంత దూరానికైనా నిలిచే సమాధానం వచ్చేవరకు విడిచిపెట్టలేదు. ఆనాటి ముస్లిం ప్రపంచంలో ఫిలడెల్ఫియా లేదు, వాషింగ్టన్ లేదు. అయినా ఆ నగరాలు పుట్టిన నాటికి వాటి ఖిబ్లాను చెప్పగల సూత్రం సిద్ధంగా ఉంది.

ఒక అవసరం కోసం నిజాయితీగా సాధించిన జ్ఞానం, సాధించినవారు కలగనని అవసరాలకు కూడా అక్కరకు వస్తుంది. గజనీలో బీరూనీ ఒక మసీదు గోడను సరిచేయడానికి లెక్కించిన రేఖ వంటిదే నేడు వందలాది ప్రయాణీకులను మంచు సముద్రాల మీదుగా ఇళ్ళకు చేరుస్తున్నది. ఆ విమానంలో నమాజు వేళకు లేచిన ప్రయాణీకునికి సీటు ముందున్న తెరమీద ఖిబ్లా బాణం కనిపించినా, ఆ బాణాన్ని తిప్పేది ఆ వెయ్యేళ్ళనాటి త్రికోణమే.